నల్ల గౌను అయ్యగారు

మొన్న పొద్దున మా కోడలు మనవడి కోసం నల్ల ఎండుద్రాక్ష ఉడకబెట్టింది. పిల్లాడికి రెండు రోజులుగా కడుపు సరిగా లేదు. డాక్టరు దాకా ఎందుకు, ముందు ఈ నీళ్లు పట్టించి చూడమని చెప్పింది నేనే. గిన్నె మరిగి ఆ వాసన హాల్లోకి వచ్చేసరికి చేతిలో పేపరు పక్కన పెట్టి వంటింటి గుమ్మంలోకి వెళ్లి నిలబడ్డాను. "ఏం కావాలత్తయ్యా?" అంది. ఏం చెప్పను! నాకు అది శనివారం సాయంత్రపు వాసన. మద్రాసు వేపేరిలో మా చర్చి వెనకాల, అయ్యగారి ఇంటి వంటింటి వాసన.

ఆ ఇంటిని అందరూ బంగళా అనేవాళ్లు. రెండు గదులు, ఒక వసారా, వాన పడితే కారే చోటల్లా ఒక బకెట్టు. అయినా పాస్టరుగారు ఉండేది కాబట్టి బంగళాయే. నెలలో మొదటి ఆదివారం మాకు బల్ల ఆరాధన, అంటే యేసు చివరి విందుని తలుచుకుంటూ రొట్టె ముక్క, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన. ముందురోజు సాయంత్రం అయ్యగారి భార్య, మా అందరికీ అమ్మగారు, ఎండుద్రాక్ష కడిగి, నానబెట్టి, కళాయి గిన్నెలో సన్నసెగ మీద ఉడికించేవారు. ఆ రసంలో సారాయి వాసన తగలకూడదని ఆవిడ పట్టుదల. చల్లారాక పాత పంచెగుడ్డలో పోసి మెలితిప్పి పిండితే చిక్కటి రసం సీసాలోకి దిగేది. మేం పిల్లలం గుమ్మం దగ్గరే కాచుకుని ఉండేవాళ్లం. మాకు కావలసింది గుడ్డలో మిగిలే పిప్పి. అందులో కాస్త బెల్లప్పొడి కలిపి తలా ఒక ముద్ద చేతిలో పెట్టేవారు.

రొట్టె పని అయ్యగారిది. బేకరీ రొట్టె అంచులు తీసేసి, గోరంత ముక్కలుగా కోసి, పళ్లెంలో వరసలుగా పేర్చి లెక్కపెట్టేవారు. అంచులూ మాకే. "అన్ని లెక్కలెందుకండీ, ఎక్కువే కొయ్యొచ్చుగా?" అని ఎవరో అడిగితే, "ఎక్కువైతే పారేయాల. తక్కువైతే ఒకరెవరో ఉత్తచేత్తో పోతారు. రెండూ తప్పే" అన్నారు. ఆయనది మదనపల్లె వైపు యాస. ఇరవై ముప్పై ఏళ్లు మద్రాసులో ఉన్నా అది పోలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. పిల్లలూ మనవలూ ఎక్కడెక్కడో ఉన్నారు, వాళ్లని అడక్కుండా రాయడం బాగుండదు. ఆ రోజుల్లో వేపేరి, చూలై, ఓటేరి, పెరంబూరు వైపు ఉన్న తెలుగు క్రైస్తవులకి పేరు చెప్పనక్కర్లేదు కూడా. నల్ల గౌను అయ్యగారంటే చాలు.

ఆ గౌను సంగతి చెప్పాలి. మిగతా చర్చిల్లో పాస్టర్లు తెల్ల అంగీ వేసుకుని పైన రంగు పట్టా వేసుకునేవారు. మా అయ్యగారు మాత్రం మోకాళ్ల కిందకి దిగే నల్ల గౌను, గొంతు దగ్గర రెండు చిన్న తెల్ల పట్టీలు. మద్రాసు మే నెలలో ఆ గౌను! వీపు మీద చెమట ఉప్పు తేలి తెల్లటి మ్యాపుల్లా కనిపించేది. మోచేతుల దగ్గర అమ్మగారు వేసిన మాసికలు మా బెంచీకి కూడా కనిపించేవి. పట్టీలు మాత్రం ప్రతి వారం కొత్తగా ఉండేవి. శనివారం అన్నం గంజిలో ముంచి, వంటింటి కిటికీ ఊచకి అతికించినట్టు ఆరేసేవారు. ఆరాక తీస్తే అట్టముక్కల్లా పటపటలాడేవి. ఇస్త్రీ అక్కర్లేదు.

నేను కాస్త పెద్దయ్యాక ఒకసారి అడిగాను, మీరెందుకు తెల్లది వేసుకోరని. వసారాలో కూర్చోబెట్టి పెద్ద కథే చెప్పారు. మదనపల్లె ప్రాంతంలో సువార్త పని చేసింది ఆర్కాట్ మిషన్ వాళ్లు. అమెరికాలో రిఫార్మ్‌డ్ చర్చి వాళ్లది, స్కడర్ అన్నదమ్ములు 1853లో మొదలుపెట్టారు. వాళ్ల పద్ధతీ, మద్రాసులో పని చేసిన స్కాట్లాండ్ మిషన్ పద్ధతీ ఒకటే. బిషప్పులుండరు. సంఘం ఎన్నుకున్న పెద్దలూ, గురువులూ అంటే పాస్టర్లూ కలిసి కూర్చుని నడుపుతారు. దాన్నే ప్రెస్బిటేరియన్ పద్ధతి అంటారు. 1908లో వీళ్లూ, ఏ సంఘానికాసంఘమే నడుపుకునే కాంగ్రిగేషనల్ వాళ్లూ కలిసి దక్షిణ భారత ఐక్య సంఘం అయ్యారు. అయ్యగారు గురువైంది అందులో. ఆయన తలమీద చేతులుంచి గురువుగా నియమించింది తోటి గురువులే, ఏ బిషప్పూ కాదు.

తర్వాత 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జ్ కథీడ్రల్‌లో బిషప్పులుండే ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ఈ ఐక్య సంఘం, అందరూ ఒకటై సీఎస్ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా అయింది. ఆ రోజు లోపల చోటు లేక అయ్యగారు బయటే నిలబడి విన్నారట. స్వాతంత్ర్యం వచ్చి ఆరు వారాలే. "దేశం రెండు ముక్కలైన నెలల్లోనే మేము మూడు ముక్కలు అతికించినాము" అనేవారు, ఆ మాటలో కాస్త గర్వం ఉండేది. ఐక్య సంఘం వాళ్లు బిషప్పుల్ని ఒప్పుకున్నారు. బదులుగా పాత గురువులెవరికీ మళ్లీ అభిషేకం చెయ్యనక్కర్లేదని అవతలివాళ్లు ఒప్పుకున్నారు. ఆ ఒప్పందానికి గుర్తుగానో ఏమో, అయ్యగారు గౌను మాత్రం వదల్లేదు. అమ్మగారిని అడిగితే వేరే కారణం చెప్పారు. కొత్తది కుట్టించడానికి డబ్బులేవీ అని.

మద్రాసుకి అప్పట్లో లెస్లీ న్యూబిగిన్ బిషప్పుగా ఉండేవారు. ఆయనా మొదట స్కాట్లాండ్ సంఘపు గురువే, 1936లో మద్రాసు వచ్చారు. 1974లో రిటైరయ్యాక విమానం ఎక్కకుండా, భార్యతో కలిసి దొరికిన బస్సు ఎక్కుతూ ఇంగ్లండు దాకా వెళ్లారు. ఆ వార్త అయ్యగారికి ఎంత నచ్చిందంటే, ఏడాది పొడుగునా ఏ ప్రసంగంలో చూసినా ఆ బస్సు ఉండేది. "చూసినారా, బిషప్పయినా టికెట్టు కొనాల్సిందే."

ప్రసంగం మాట వచ్చింది కాబట్టి నిజం చెప్పేస్తాను. అయ్యగారు గొప్ప ప్రసంగీకులు కారు. మొదటిది, రెండవది, మూడవది అని మూడు భాగాలు. మూడవదానిలో మళ్లీ మూడు. పైన ఫ్యాను టకటక చప్పుడు, బయట కాకులు, దూరంగా పెరంబూరు మీదుగా పోయే రైళ్ల కూతలు. మిల్లులో రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాళ్లు రెండో భాగానికే నిద్రలోకి జారుకునేవాళ్లు. సంఘ పెద్ద ఒకాయన వాళ్లని మోచేత్తో పొడవబోతే, అయ్యగారు ప్రసంగం ఆపి, "వద్దు, పడుకోనీ. ఇంట్లో పండుకునే తావు లేకనే కదా ఈడ పండుకున్నాడు" అన్నారు. మళ్లీ రెండవదానిలో ఎక్కడ ఆపారో అక్కడ మొదలుపెట్టారు. మా నాన్న జేబు గడియారం తీసి చూసుకుని మూసిన టిక్ శబ్దం నాకింకా వినిపిస్తుంది.

సండే స్కూల్లో మా నమ్మకాల్ని ప్రశ్నలూ జవాబులుగా నేర్పే చిన్న ప్రశ్నోత్తరి బట్టీ పట్టించేవారు. 107 ప్రశ్నలు. అర్థమైనవి పది కూడా ఉండవు. పది జవాబులు తప్పు లేకుండా చెబితే ఒక కమర్‌కట్టు. గౌను లోపల చొక్కా జేబులో ఉండేవి కాబట్టి ఎప్పుడూ కాస్త వేడిగా, మెత్తబడి, కాగితానికి అంటుకుని వచ్చేవి. నేను ముప్పై దాటలేదు. మా అన్నయ్య మొత్తం చెప్పేశాడు. ఇప్పుడు వాడు చర్చికే వెళ్లడు. అది వేరే కథ.

ఏడాదికోసారి సండే స్కూలు పిల్లల్ని వరసగా నడిపించుకుంటూ ఎగ్మూరులో కర్క్ చూపించడానికి తీసుకెళ్లేవారు. సెయింట్ ఆండ్రూస్ చర్చి, స్కాట్లాండ్ వాళ్లు కట్టుకున్నది, 1821లో తెరిచారు. పూనమల్లి హైరోడ్డు మీద వెళ్లేవాళ్లకి ఆ ఎత్తైన శిఖరం దూరం నుంచే కనిపిస్తుంది. లోపలికెళ్లి తలెత్తితే గుండ్రటి గోపురం, నిండా నీలం రంగు, దాని మీద బంగారు చుక్కలు. చుట్టూ పదహారు స్తంభాలు. మేమందరం మెడలు నొప్పెట్టేదాకా చూసేవాళ్లం. చుక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టి ఎప్పుడూ పూర్తి చెయ్యలేదు.

అయ్యగారికి మాత్రం గోపురం కంటే నేల మీద మోజు. చెప్పుకాలితో తట్టి, "దీనికింద ఏముందో చెప్పండి" అనేవారు. ఏటా అదే ప్రశ్న, ఏటా మేం తెలియనట్టే ఉండేవాళ్లం. కింద ఉన్నవి బావులు. అక్కడి నేల మెత్తటిది, అంత బరువు మొయ్యదు. డి హావిలాండ్ అనే ఇంజినీరు దొర మన దేశపు పాత పద్ధతి పట్టుకుని, వందకు పైగా బావులు దింపి, వాటి మీద పునాది లేపాడు. "గోపురం వాళ్ల ఊరి నమూనా. దాన్ని మోసేది మన బావులు, మన కూలీలు తవ్విన బావులు. పైకే చూస్తా ఉంటే ఎట్ల?" అనేవారు. తిరిగొచ్చేటప్పుడు ఎగ్మూరు స్టేషను బయట తలా ఒక వేరుశనక్కాయల పొట్లం. ఆ ఖర్చు సంఘం లెక్కలో రాయలేదని చాలాకాలం తర్వాత తెలిసింది.

ఇళ్లు తిరగడం ఆయన అసలు పని. ఒక పాత సైకిలు, హ్యాండిల్‌కి గుడ్డసంచి. సైకిలు చెడితే నడక. చేతి రిక్షా మాత్రం ఎక్కేవారు కాదు. వానలో తడిసి ముద్దై వచ్చినా సరే, మనిషి లాగితే మనిషి కూర్చోవడం ఆయనకి పడదు. 1973లో కరుణానిధి ప్రభుత్వం వాటిని తీసేసినప్పుడు ఆ ఆదివారం స్తుతి ప్రార్థన చేయించారు. మా చర్చిలో కాంగ్రెస్ వాళ్లకి అది నచ్చలేదు.

మా ఇంటికి వస్తే చెప్పులు విప్పి, సరాసరి వంటింటి గుమ్మం దాకా వచ్చి, "ఏం కూరమ్మా?" అనేవారు. గోంగూర అంటే కూర్చునేవారు, లేదంటే మంచినీళ్లు తాగి లేచేవారు. ప్రార్థన చాలా పొట్టిది. ప్రసంగానికీ ప్రార్థనకీ ఒక్క మనిషేనా అనిపించేది. సంచిలో ఒక అట్ట నోటుబుక్కు. దాంట్లో ఇంటింటికీ ఒక పేజీ, ఎవరికి జబ్బు, ఎవరికి ప్రావిడెంట్ ఫండు రాలేదు, ఎవరి కొడుకు ఉత్తరం రాయడం మానేశాడు, అన్నీ అందులో రాసుకునేవారు. తెలుగు రాని ఆఫీసులకి ఇంగ్లీషులో అర్జీలు రాసిపెట్టేవారు. సాయంత్రాలు మూర్ మార్కెట్లో పాత పుస్తకాల కొట్ల ముందు కూడా కనబడేవారు, ఎక్కువ బేరం, తక్కువ కొనుగోలు. 1985లో మార్కెట్టు తగలబడినప్పుడు రిటైరై ఉన్నారు. వెళ్లి చూసొచ్చి ఆ రోజు అన్నం తినలేదని అమ్మగారు చెప్పారు.

ఇప్పుడు మైకు గొడవ.

చర్చికి లౌడ్ స్పీకరు పెట్టాలని పెద్దలన్నారు. అయ్యగారు ససేమిరా అన్నారు. గొంతున్నంత దూరమే గురువుండాలని ఆయన వాదం. అయ్యగారూ పెద్దలూ కూర్చుని చర్చి నడిపే సభకి కాగితాల మీద పేరు పాస్టరేట్ కమిటీ, అయ్యగారి నోట మాత్రం అది చివరిదాకా సెషనే. ఆ సెషన్‌లో ఓటింగ్ పెట్టారు. అయ్యగారి వైపు ఒక్క ఓటే పడింది, అదీ ఆయనదే. మినిట్స్‌లో తన ఓటమిని తనే తన గుండ్రటి అక్షరాలతో రాసుకున్నారు. మర్నాడు సైకిలు మీద వెళ్లి, బేరమాడి, హారన్ గొట్టాన్ని క్యారియర్‌కి తాడుతో కట్టుకుని తనే తెచ్చారు. వేపేరి హైరోడ్డు మీద నల్ల గొడుగు, వెనకాల పెద్ద గొట్టం, ఆ వేషం చూసి పిల్లలం వెంటపడ్డాం. ఆదివారం మైకు ముందు నిలబడి, "వినపడతా ఉందా? నాకైతే బాగానే వినపడతా ఉంది, నన్ను ఓడించిన శబ్దం" అన్నారు. అందరూ నవ్వారు. ఆ నవ్వు తర్వాత పనికొచ్చింది.

మా సంఘంలో రెండు రకాల ఇళ్లుండేవి. ఒకటి మాలాంటివాళ్లం, రైల్వేలో, హార్బరులో, మిల్లు ఆఫీసులో గుమాస్తాలు. రెండోది కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చేవాళ్లు, డ్రైనేజీ పనివాళ్లు. మద్రాసు వీధులు ఊడ్చిన చేతుల్లో చాలా భాగం తెలుగు చేతులే. నెల్లూరు, ఒంగోలు పల్లెల నుంచి తరాల కిందట వచ్చినవాళ్లు. చర్చిలో ఎవరూ గీత గియ్యలేదు గానీ, ఎడమవైపు వెనక బెంచీలు ఎవరివో పసిపిల్లలకి కూడా తెలుసు.

పెద్దల ఎన్నిక వచ్చింది. చదువు రానివాళ్లు చాలామంది కాబట్టి చీటీలు కాకుండా చింతగింజలు. నిలబడ్డవాళ్లందరికీ తలా ఒక బిస్కెట్ డబ్బా, ఒక్కోదానికి ఒక్కో రంగు కాగితం. లోపలి గదిలోకి వెళ్లి నచ్చిన డబ్బాల్లో గింజలు వేసి రావాలి. ఆ ఏడు ఎడమవైపు వెనక బెంచీల నుంచి ఒక పెద్దాయన నిలబడ్డారు. మేం కార్పొరేషన్ తాత అనేవాళ్లం. ఎవరు పోయినా రాత్రంతా శవం దగ్గర కూర్చునేది ఆయనే. అయ్యగారు అందరి ముందూ బల్ల మీద డబ్బాలు ఒక్కొక్కటే బోర్లించి, గింజలు రెండేసి చొప్పున జరుపుతూ పైకి లెక్కపెట్టారు. తాత డబ్బాలో గింజలు మా నాన్న డబ్బాలో కంటే ఎక్కువ.

గొడవ ఎన్నిక గురించి కాదు, రొట్టె గురించి. మా చర్చిలో పాత ప్రెస్బిటేరియన్ అలవాటు ఒకటి మిగిలి ఉండేది. బల్ల ఆరాధనలో మేం ముందుకెళ్లి మోకరించం. బెంచీల్లోనే కూర్చుంటాం. పెద్దలు పళ్లెం పట్టుకుని వరసలోకి వస్తారు. అంటే ఇప్పుడు తాత చేతుల మీదుగా రావాలి.

ఆ రాత్రి మా వసారాలో నలుగురు గుమాస్తాలు, మా నాన్న, అయ్యగారు. నేను తలుపు వెనక. "మాకేం అభ్యంతరం లేదండీ, ఇంట్లో ఆడవాళ్లు తీసుకోరు" అన్నారు ఒకాయన. మా నాయనమ్మ లోపల్నించి గట్టిగా దగ్గింది. అయ్యగారు కాసేపు ఊరకే ఉన్నారు. "మైకు కాడ మీరు గెలిచినారు, నేను మోసినాను. నాకు ఇష్టమా? కాదు. ఇప్పుడు గింజలు ఆయన్ను గెలిపించినాయి. మోసే వంతు మీది నాయనా" అన్నారు. అక్కడ ఇంకెవరికీ మాట రాలేదు. ఒకాయన మాత్రం లేచి చెప్పులేసుకుని వెళ్లిపోయారు.

ఆ ఆదివారం తాత తెల్ల చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని వచ్చారు. లైఫ్‌బాయ్ సబ్బు వాసన రెండు వరసల అవతలికి వచ్చేది. గోళ్లు మాంసం అంటేదాకా కత్తిరించి, అరచేతులు తోమి తోమి ఎర్రగా చేసుకున్నారు. మామూలుగా మా చర్చిలో గురువు అందరి తర్వాత తీసుకునేవారు. ఆ రోజు అయ్యగారు పళ్లెం తాత చేతికిచ్చి, మెట్లు దిగి వచ్చి, మొదటి బెంచీలో మా నాన్న పక్కన మామూలు సంఘస్థుడిలా కూర్చున్నారు. తాత వచ్చి వంగారు. పళ్లెం అంచు ఆయన గుండీకి తగిలి సన్నగా గణగణమంటోంది, చెయ్యి అంత వణుకుతోంది. అయ్యగారు తీసుకున్నారు. మా నాన్న తీసుకున్నాడు. మా అమ్మ తీసుకుంది. నాయనమ్మ చేతులు చీర కొంగులో పెట్టుకుని ఎదురుగా గోడకేసి చూస్తూ కూర్చుంది. తాత ఒక్క క్షణం ఆగి, ఏమీ అనకుండా తర్వాతి వరసకి వెళ్లిపోయారు. ఆ పూట పళ్లెంలో కొన్ని ముక్కలు మిగిలాయి. లెక్క తప్పకూడదనే మనిషి, అవి మిగలడం చూసి ఏమీ అనలేదు.

రెండు కుటుంబాలు వేరే చర్చికి వెళ్లిపోయాయి. ఒక కుటుంబం కూతురి పెళ్లికి తిరిగొచ్చింది, అయ్యగారే చెయ్యాలని ఆ పిల్ల పట్టుబట్టింది. నాయనమ్మ ఆ ఏడు క్రిస్మస్‌కి తీసుకుంది. ఎందుకు మనసు మారిందో చెప్పలేదు, మేమూ అడగలేదు. అయ్యగారు కూడా దాని గురించి ఏ ప్రసంగంలోనూ ఎత్తలేదు. ఆ బస్సు కథ మాత్రం మళ్లీ చెప్పారు.

రిటైరయ్యాక చూలైలో అద్దెకి ఒక పోర్షన్ తీసుకున్నారు. కొత్త పాస్టరుగారు వస్తే ఆరాధనలో వెనక బెంచీలో, ఎడమవైపు, తాత పక్కన కూర్చునేవారు. కొత్తాయన సలహా అడిగితే, "సెషన్‌నడగండి" అనేవారు. పెళ్లై నేను ఊరు మారాక ఉత్తరాలే. పోస్టుకార్డులో ఇరుకు ఇరుకుగా మూడు పాయింట్లు, కింద గోంగూర దొరుకుతోందా అని ఒక ప్రశ్న.

పోయినప్పుడు కీల్పాక్ సమాధుల తోటలో భూస్థాపన. అప్పటికే తాత లేరు, ఆయన కొడుకు పెట్టె ముందు కొమ్ము పట్టాడు, రెండో వైపు మా నాన్న. చర్చి నుంచి గేటు దాకా జనం. కార్పొరేషన్ వాళ్లు ఖాకీ నిక్కర్లతో డ్యూటీ మధ్యలోనే వచ్చారు. అమ్మగారి దగ్గర నోటుబుక్కు ఉందేమోనని అడిగాను. పెట్టెలో పెట్టేశామన్నారు, గౌను కూడా.

ఇంత రాశాక చూసుకుంటే నా దగ్గర ఆయన ఫొటో ఒక్కటి లేదు. ఫొటో తీయించుకునే మనిషి కాదు. కానీ ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల జరిగిన ప్రతి తెలుగు పెళ్లిలోనూ ఆయన ఉండే ఉంటారు, పెళ్లికొడుకు భుజం వెనకాల, సగం ముఖం, కళ్లజోడు నుదుటి మీదికి తోసి. మీ అమ్మానాన్నల పెళ్లి ఆల్బమ్ ఇంట్లో ఉంటే ఒకసారి తిరగెయ్యండి. నల్ల గౌను, గంజి పెట్టిన పట్టీలు కనిపిస్తే ఆయనే. ఫోనులో ఒక ఫొటో తీసి పంపండి, పేరు నేను చెబుతాను.